నాలుగు ఫ్యాన్లు కొనేకన్నా ముందు క్యాబినెట్ పలక ఊడదీసి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హనుమకొండలో మేడ మీద గది, ఏసీ లేదు, కూలర్ ఉంది. పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్ వాడుతున్నారు. క్యాబినెట్‌కు ముందర గాజు పలక, వెనక ఒక్కటే ఫ్యాన్. ఎండలు ముదిరాక రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేసే పని) పెడితే సీపీయూ 96, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు మీది చిప్పు) 84 డిగ్రీలు చూపిస్తోంది, రెండర్‌కు పట్టే టైమ్ కూడా పెరిగింది. షాపులో నాలుగు ఆర్‌జీబీ (రంగు లైట్ల) ఫ్యాన్ల కిట్ వేయించుకొమ్మన్నారు, కాదంటే లిక్విడ్ కూలర్ (ప్రాసెసర్‌ను ద్రవంతో చల్లబరిచేది) అన్నారు. ఏది మంచిది?

ఇవాళ ఏదీ కొనకండి. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, గోడకు తగిలించే థర్మామీటర్, గంటన్నర టైమ్ ఉంటే రోగం ఎక్కడుందో తేలిపోతుంది. ఒక మాట ముందే చెప్పుకుందాం. మన దిక్కు డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు. ఇక్కడ సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్ మాత్రమే, డబ్బాను క్యాబినెట్ అంటాను. లేకుంటే సగం సలహాలు తారుమారవుతాయి.

ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు. గది గాలిని లోపలికి లాగి, వేడెక్కిన గాలిని బయటికి తోస్తుంది, అంతే. గది 40 ఉంటే లోపల ఏ భాగమూ 40 కన్నా కిందికి దిగదు, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా సరే. యూట్యూబ్‌లో ఇదే కార్డు 68 డిగ్రీలు చూపించే వాళ్ల గది సాధారణంగా 22, 24 దగ్గర ఉంటుంది. గది ఒక డిగ్రీ పెరిగితే లోపలి భాగాలు కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతాయి. కాబట్టి 84ను చూసి భయపడేకన్నా 84లోంచి గది వేడిని తీసేసి మిగిలిందెంతో చూడండి. గది 40 అయితే తేడా 44. వాళ్ల 68లోంచి 24 తీసినా 44 మిగులుతుంది. అంటే రెండు కార్డులూ ఒకే తీరుగా పనిచేస్తున్నాయి, తేడా అంతా ఊరి ఎండది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 3060 కార్డు 83 డిగ్రీల దగ్గరికి రాగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటూ అక్కడక్కడే నిలబడుతుంది. మీ సీపీయూ హద్దు 100. మీ కార్డు ఇప్పటికే హద్దు మీద ఉంది కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే మోసపోతారు, క్లాక్ వేగం (చిప్పు పనిచేసే వేగం) కూడా రాసుకోవాలి. రెండర్ టైమ్ పెరగడానికి కారణం చాలావరకు ఇదే.

పరీక్ష ఇట్లా చేయండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి సెన్సర్ల కిటికీ తెరవండి. థర్మామీటర్‌ను క్యాబినెట్ ముందర, గాలి లోపలికి పోయే చోటికి జానెడు దూరంలో పెట్టండి. వెనక పెడితే వేడిగాలి తగిలి తప్పు చూపిస్తుంది. ఒకే క్లిప్‌ను, ఒకే సెట్టింగులతో రెండర్ పెట్టి 25 నిమిషాలు నడవనివ్వండి. మొదటి పది నిమిషాల అంకెలు పనికిరావు, క్యాబినెట్ రేకు, హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు రెక్కలు) వేడెక్కడానికే అంత పడుతుంది. చివరి ఐదు నిమిషాల్లో గది, సీపీయూ, జీపీయూ, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చిప్పుల డిస్క్) వేడి, జీపీయూ క్లాక్, మొత్తం పట్టిన టైమ్ రాసుకోండి. తర్వాత ముందరి గాజు పలక ఊడదీసి మళ్లీ అదే పని. మూడోసారి పక్క తలుపు కూడా తీసేసి చేయండి. మూడూ ఒకే పూటలో కావాలి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చేస్తే గది వేడే ఐదారు డిగ్రీలు మారిపోతుంది.

ముందు పలక తీయగానే 5 డిగ్రీలకు మించి తగ్గినా, వేడి అంతే ఉండి జీపీయూ క్లాక్ పెరిగినా, మీ క్యాబినెట్ ఊపిరాడక కొట్టుకుంటోందన్నమాట. పలక తీసినా, తలుపు తీసినా సీపీయూ ఒక్కటే 95 దాటి ఉంటే క్యాబినెట్ ఫ్యాన్లతో ఆ రోగం పోదు, తప్పు ప్రాసెసర్ మీది కూలర్‌లో ఉంది. జీపీయూ ఒక్కటే మొండికేస్తే కార్డు రెక్కల మధ్య దుమ్ము పేరుకుందనో, దాని థర్మల్ పేస్ట్ (చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే ముద్ద) ఎండిపోయిందనో అనుకోవాలి. తలుపు తీసినప్పుడు మంచిగ ఉంది కదా అని అట్లనే వదిలేసేవాళ్లున్నారు. జీపీయూకు అది కొంత మేలే, కానీ మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డు) మీది చిన్న చిప్పుల మీదుగా పారే గాలి చెదిరిపోతుంది, వారం తిరిగేసరికి దుమ్ము, నెల తిరిగేసరికి బల్లి.

గాజు పలక క్యాబినెట్ల లోపం కొలత టేపుతోనే దొరుకుతుంది. ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలి లాగే నోరు, మధ్యలోని మోటార్ బిళ్ల తీసేస్తే, సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. రెండు ఫ్యాన్లకు 200, మూడింటికి 300. ఇప్పుడు గాజు పలక పక్కన ఉన్న సందును కొలవండి. 40 సెంటీమీటర్ల ఎత్తు, 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే ఒక్క పక్క 48, రెండు పక్కలా కలిపి 96. దాని వెనక మళ్లీ నైలాన్ జాలి. అంటే ఎన్ని ఫ్యాన్లు బిగించినా ఒక ఫ్యాన్ నోటికి సరిపడే దారి కూడా లేదు. నాలుగు ఫ్యాన్ల కిట్ ఇక్కడ వేస్తే లైట్లు వెలుగుతాయి, చప్పుడు పెరుగుతుంది, వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గితే గొప్ప. అదే డబ్బుకు ఇంకొంచెం కలిపి ముందర ఇనుప జాలి ఉన్న క్యాబినెట్ కొనడం నా లెక్కలో తెలివైన పని. కొత్తది వద్దనుకుంటే గాజు పలకను పక్కన పెట్టి, అక్కడ అయస్కాంతం పట్టీ ఉన్న జాలి అంటించుకోండి. చూపుకు అందంగా ఉండదు, పని మాత్రం చేస్తుంది.

ఎంత గాలి కావాలో కూడా లెక్క ఉంది. 12400ఎఫ్ గట్టిగా పనిచేసినప్పుడు 117 వాట్లదాకా, 3060 కార్డు 170 వాట్లు తీసుకుంటాయి. రెండూ ఒకేసారి పూర్తిగా పనిచేయడం అరుదు కాబట్టి క్యాబినెట్ మొత్తానికి 300 వాట్లు వేసుకుందాం. 40 డిగ్రీల గాలితో 300 వాట్లను మోసుకుపోవాలంటే, లోపలి గాలి గదికన్నా సగటున 10 డిగ్రీలే ఎక్కువ ఉండాలనుకుంటే, నిమిషానికి సుమారు 56 ఘనపు అడుగులు, అంటే 56 సీఎఫ్ఎం పారాలి. 5 డిగ్రీలే ఉండాలంటే 112. రెండున్నరకు తేవాలంటే 224. ప్రతిసారీ గాలి రెట్టింపైతే మిగిలిన తేడా సగమే తగ్గుతుంది. మొదటి రెండు ఫ్యాన్లతో వచ్చే లాభం, ఐదో ఆరో ఫ్యాన్‌తో రాకపోవడానికి కారణం ఇదే. ఇంకొకటి: ఫ్యాన్ డబ్బా మీద రాసిన 56 సీఎఫ్ఎం అడ్డమేమీ లేకుండా కొలిచింది. జాలి, పలక, వైర్లు అడ్డముంటే అందులో సగం వస్తే మంచిదే. అంటే ముందర రెండు మంచి ఫ్యాన్లు ఉంటే నిజానికి ఒక 56 అందుతుంది, మూడుంటే 80 దాటుతుంది. మీ మెషీన్‌కు ముందర మూడు, వెనక ఒకటి సరిపోతాయి.

ఎక్కడ ఏది పెట్టాలనే దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. ముందరివి గాలి లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. ముందరి మూడింట్లో అన్నిటికన్నా కింది ఫ్యాన్ విలువైనది, దాని గాలి నేరుగా గ్రాఫిక్స్ కార్డు కడుపు కిందికి పోతుంది. దాని ముందు హార్డ్ డిస్క్ గూడు ఖాళీగా ఉంటే విప్పి తీసేయండి. క్యాబినెట్ పైకప్పులో ఇంకొకటి పెట్టాలనిపిస్తే వెనక మూలకు, ప్రాసెసర్ కూలర్ పైన పెట్టండి. పైకప్పు ముందు మూలలో బయటికి తోసే ఫ్యాన్ పెడితే, ముందరి పై ఫ్యాన్ లాగిన చల్లగాలి ప్రాసెసర్ దాకా పోకముందే దొంగిలించి బయట పారేస్తుంది. లోపలికి వచ్చేది, బయటికి పోయేదానికన్నా కొంచెం ఎక్కువ ఉండనివ్వండి. అప్పుడు సందులన్నిటిలోంచి గాలి బయటికే తోసుకుపోతుంది, దుమ్ము జాలి దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు మీకున్నది వెనక ఒక్క ఫ్యాన్ కాబట్టి అది గాలిని పీల్చేస్తుంటే, జాలి లేని ప్రతి చీలికలోంచీ దుమ్ము లోపలికి వస్తోంది. ఎస్ఎంపీఎస్ (భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కింద ఉండి, అడుగున జాలి ఉంటే దాని ఫ్యాన్ కిందికి చూడాలి. జాలి లేకపోతే తిప్పి పైకి పెట్టండి.

ఇక కిట్ల సంగతి. చవక ఆర్‌జీబీ కిట్లలో చాలావాటి ఫ్యాన్లకు ఆరు పిన్నుల సొంత ప్లగ్గు ఉంటుంది, ఆ కిట్‌తో వచ్చే కంట్రోలర్ డబ్బాకే తగులుతుంది. ఒక్క ఫ్యాన్ పాడైతే విడిగా దొరకదు, మదర్‌బోర్డు దాని వేగాన్ని అదుపు చేయలేదు. మోలెక్స్ ప్లగ్గువి (నేరుగా ఎస్ఎంపీఎస్ తీగకు తగిలేవి) ఎప్పుడూ ఒకే వేగం. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం (మదర్‌బోర్డు వేగాన్ని అదుపు చేయగల) ఫ్యాన్లు అడగండి. 120 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్ల మందం, గరిష్ఠంగా నిమిషానికి 1500 నుంచి 1800 తిరుగుళ్లు, జాలి వెనక పెట్టేవి కాబట్టి స్టాటిక్ ప్రెషర్ (అడ్డాన్ని దాటి గాలిని తోసే బలం) 2 మిల్లీమీటర్ల నీటిమట్టం దగ్గర ఉండేవి. ఆర్కిటిక్ పీ12 ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది, లైట్లు లేని ఐదు ఫ్యాన్ల ప్యాక్ కూడా ఉంది. బేరింగ్ ఎఫ్‌డీబీ అని రాసి ఉంటే మేలు. స్లీవ్ బేరింగ్ అయితే నిలువుగా పెట్టినప్పుడు నడుస్తుంది కానీ పైకప్పులో పడుకోబెట్టి, మన వేడిలో తిప్పితే నూనె తొందరగా ఎండి గరగరలాడుతుంది.

మదర్‌బోర్డు మీద సిస్ ఫ్యాన్ (SYS_FAN) లేదా ఛా ఫ్యాన్ (CHA_FAN) అని రాసిన పిన్నులకు తగిలించాలి. ఒక్కో చోట సాధారణంగా 1 ఆంపియర్ దాకా మోస్తుంది. ఫ్యాన్ స్టిక్కర్ మీద ఆంపియర్లు చూసి కూడండి. 0.2 ఉన్నవి మూడైతే 0.6, ఒక స్ప్లిటర్‌తో (ఒక ప్లగ్గును రెండు మూడుగా చీల్చే తీగ) ఒకే చోట తగిలించొచ్చు. 0.4 ఉన్నవి మూడు తగిలించకండి, కాలిపోయేది ఫ్యాన్ కాదు, బోర్డు. లైట్ల ప్లగ్గు దగ్గర ఇంకా జాగ్రత్త. మూడు పిన్నులది 5 వోల్టులు, నాలుగు పిన్నులది 12 వోల్టులు. 5 వోల్టుల లైటుకు 12 ఇస్తే క్షణంలో అయిపోతుంది.

బిగించేటప్పుడు ప్లగ్గు గోడ నుంచి పీకి, పవర్ బటన్ పది సెకండ్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ రేకును ఓసారి ముట్టుకుని తర్వాతే లోపల చేయి పెట్టండి. పొడి ఎండకాలంలో ఒంటి మీద స్థిర విద్యుత్తు ఎక్కువ. ఫ్యాన్‌లో మోటారును పట్టుకునే అడ్డకాళ్లు, స్టిక్కర్ ఉన్న వైపు గాలి బయటికి వస్తుంది. నున్నగా కనిపించే ముఖం వైపు లాగుతుంది. కొన్నిటి అంచు మీద బాణం గుర్తులుంటాయి. స్క్రూలు లావు మరలవి, ప్లాస్టిక్‌లో తామే దారి చేసుకుంటాయి. నాలుగూ సగం దాకా బిగించి, తర్వాత ఎదురెదురు మూలలు గట్టి చేయండి. అతిగా తిప్పితే మూల పగులుతుంది, పగిలిన మూల వణుకుతుంది. వైర్లన్నీ వెనక రేకు వైపు లాగి కట్టండి. అంతా అయ్యాక అగరుబత్తి వెలిగించి, నుసి రాల్చకుండా, ముందరి జాలికి బెత్తెడు దూరంలో పట్టుకోండి. పొగ మూడు ఫ్యాన్ల దగ్గరా లోపలికి పోవాలి, వెనక దగ్గర బయటికి తన్నాలి. తిరగేసి బిగించిన ఫ్యాన్ ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతుంది.

ఫ్యాన్ల వేగాన్ని బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల మెనూ) మనమే పెట్టుకోవాలి. గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్ అని ఉంటుంది. క్యాబినెట్ ఫ్యాన్లను సీపీయూ వేడికి కట్టేయకండి, అది రెండు సెకండ్లలో 20 డిగ్రీలు ఎగిరి దిగుతుంది, ఫ్యాన్లు ఊళ పెడుతూ తగ్గుతూ ఉంటాయి. సిస్టమ్ లేదా మదర్‌బోర్డు సెన్సర్‌కు కట్టండి. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేస్తే జీపీయూ వేడికి కూడా కట్టొచ్చు, వీడియో పనికి అదే సరైనది. ఇంటర్నెట్‌లో దొరికే కర్వ్‌లు (ఏ వేడికి ఎంత వేగమో చెప్పే లెక్కలు) చల్లని దేశాల గదుల కోసం రాసినవి. 45 దగ్గర ఫుల్ స్పీడ్ పెట్టమంటాయి. మన దగ్గర మే నెలలో కంప్యూటర్ ఊరికే ఆన్ చేసి ఉంచినా మదర్‌బోర్డు 45 చూపిస్తుంది. కాబట్టి బోర్డు సెన్సర్‌కు 45 దాకా 40 శాతం, 52 దగ్గర 60, 60 దగ్గర 85, 65 దాటితే 100 అని మొదలుపెట్టి, చెవికి తగ్గట్టు మార్చుకోండి. చలికాలం వచ్చాక ఈ అంకెలన్నీ 10 డిగ్రీలు కిందికి జరపాలి. బయోస్‌లో రెండు ప్రొఫైల్స్ సేవ్ చేసుకుంటే ఏడాదికి రెండుసార్లు మార్చితే చాలు. వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది, అందుకే ఒక్క ఫ్యాన్ 1600 మీద అరిచేకన్నా మూడు 900 మీద తిరగడం చెవికి హాయి.

మీ సీపీయూ 96కు నా అనుమానం క్యాబినెట్ ఒక్కటే కాదు. 12400ఎఫ్‌తో వచ్చే ఇంటెల్ కూలర్‌కు నాలుగు నొక్కుడు పిన్నులుంటాయి. అందులో ఒకటి సగం లేచినా ప్రాసెసర్ మీద ఒత్తిడి ఒరిగిపోతుంది. బోర్డు వెనక నుంచి చూడండి, నాలుగు పిన్నుల నల్ల మొనలూ తెల్ల గోళ్ల మధ్య పూర్తిగా దిగి ఉండాలి. మళ్లీ పెట్టేటప్పుడు పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది. కొన్ని బోర్డులు 117 వాట్లను కొద్దిసేపటికి కాకుండా ఎప్పటికీ వదిలేస్తాయి. బయోస్‌లో పవర్ లిమిట్ ఒకటి (ప్రాసెసర్ ఎడతెగకుండా తీసుకోగల వాట్ల హద్దు) అనేదాన్ని 80 వాట్లకు తెస్తే రెండర్ కొంచెమే నెమ్మదిస్తుంది, వేడి బాగా దిగుతుంది. దానికీ లొంగకపోతే నాలుగు హీట్‌పైపుల (వేడిని మోసే రాగి గొట్టాల) టవర్ కూలర్ ఒకటి చాలు.

లిక్విడ్ కూలర్ మీకు వద్దు. అదీ గది గాలితోనే చల్లబడాలి, 40 డిగ్రీల గాలి దానికీ 40 డిగ్రీలే. పైకప్పులో పెడితే జీపీయూ వదిలిన వేడిగాలితో కడుక్కుంటుంది. మీ జీపీయూకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా పంపు అనే ఇంకో అరిగే సామాను.

ఇన్ని చెప్పినా మేడ మీది గది అనే మాట దగ్గరే సగం సమస్య ఉంది. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటి దాకా వేడి వదులుతుంది, దానికి తోడు 300 వాట్ల కంప్యూటర్ కిటికీలు మూసిన గదిలో చిన్న హీటర్‌లా పనిచేస్తుంది. కూలర్ వాడేటప్పుడు ఎదురుగా కిటికీ తెరిచి ఉంచండి, లేకుంటే గదంతా చెమ్మగా మారి కూలర్ పనిచేయడం మానేస్తుంది. పొడిగా ఎండలు కాసే రోజుల్లో మంచి గడ్డి ప్యాడ్ల కూలర్ గదిని ఎనిమిది, పది డిగ్రీలు దించగలదు, ఏ ఫ్యాన్ కిట్టూ అంత పని చేయలేదు. దాని గాలి నేరుగా క్యాబినెట్ ముఖాన కొట్టకూడదు. గాలిలోని చెమ్మ భయం లేదు, వేడిగా ఉన్న భాగాల మీద నీరు పట్టదు. భయమల్లా ప్యాడ్ నుంచి ఎగిరే తుంపర్లతో. బోరు నీళ్లయితే ఆరిన చోట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. కూలర్‌కు పక్కగా, ఆరడుగుల దూరంలో, నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. వెనక గోడకు జానెడు జాగా వదలండి. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న గూట్లో పెట్టి ఉంటే ముందు దాన్ని బయటికి తీయండి, పొయ్యిలో పెట్టినట్టే అది. రోహిణి కార్తె రోజుల్లో పెద్ద రెండర్లు తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేలా వరసలో పెట్టుకుంటే అన్నిటికన్నా చవక.

దుమ్ము ఊరిని బట్టి మారుతుంది. ఏనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఇల్లయితే పత్తి నూగు జాలికి దుప్పటిలా పడుతుంది, సీజన్లో వారానికోసారి దులపాలి. కరీంనగర్ దిక్కు గ్రానైట్ పొడి, గోదావరిఖని దిక్కు బొగ్గు పొడి సన్నవి, నైలాన్ జాలి వాటిని పూర్తిగా ఆపదు, రెండు నెలలకోసారి లోపల బ్లోయర్ కొట్టాల్సిందే. మీ దగ్గర జాలిని పదిహేను రోజులకోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. చీర గుడ్డ, మాస్కు గుడ్డ జాలి మీద కట్టడం వద్దు, దుమ్ముతో పాటు గాలీ ఆగిపోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి మితిమీరి తిరిగితే బేరింగ్ పోతుంది. తొలకరి వానలకు ఉసిళ్లు లేచినప్పుడు సాయంత్రం ఆర్‌జీబీ లైట్లు ఆపేయండి. వెలుగుకు వచ్చిన ఉసిళ్ల రెక్కలు జాలిని ఒక్క రాత్రిలో మూసేస్తాయి, వాటి వెనకే బల్లులు వస్తాయి. వెనక పీసీఐ స్లాట్ల (కార్డులు గుచ్చే చోట్ల) రేకులు ఊడి ఉంటే వాన పడకముందే బిగించుకోండి.